ఢిల్లీకి నిలబడ్డ అవుసలి శంకరవ్వ

ఆదిలాబాద్ కలెక్టరాఫీసు వరండాలో బల్ల మీద కాగితం పరిచి, కలం సిరాలో ముంచి చేతికందించినా శంకరవ్వ దాన్ని పట్టుకోలేదు. అది 1967 జనవరి. పార్లమెంటు ఎన్నికలకు వేసిన నామినేషన్లు వాపసు తీసుకోవడానికి ఆఖరు రోజు. మూడు గంటల లోపల ఆ కాగితం లోపలి గదిలో ఉన్న అధికారి ముందుండాలి. కలం పట్టుకుని నిలబడ్డ సాంబయ్య బంగారు పని చేసే అవుసలోళ్లకు కులపెద్ద, శంకరవ్వ భర్తకు మేనమామ. నెరిసిన మీసం, భుజం మీద మడత నలగని కండువా.

“సంతకం పెట్టు కోడలా. నాది నేను పెట్టిచ్చిన. ఇగ నీదొక్కటే ఉన్నది,” అన్నాడు.

“నువ్వెందుకు పెట్టినవ్ మామా?”

“దొర మాటిచ్చిండు. గెలిచినంక మన లైసెన్సుల సంగతి తనే చూస్తనన్నడు.”

“గెలిచినంక చూసెటోడు గెలవకముందు సభల నిలబడి ఎందుకు చెప్పడు?”

సాంబయ్య కలం నుంచి కారుతున్న సిరాను బల్ల అంచుకు తుడిచాడు. దొర అంటే పత్తి జిన్నింగు మిల్లుల యజమాని, పెద్ద పార్టీ అభ్యర్థి. ఆయన మనుషులు ఇద్దరు వరండా మెట్ల కింద బీడీలు కాలుస్తూ నిలబడ్డారు.

నిజానికి పోటీకి దిగింది సాంబయ్యే. బంగారు పని చేసేవాళ్లను నాలుగేండ్లుగా ఏడిపిస్తున్న చట్టం మీద మాట్లాడేందుకు తమవాడొకడు ఢిల్లీ చేరాలని కులమంతా కూడి ఆయన్ను నిలబెట్టింది. ఆయన కాగితాల్లో తప్పేదన్నా దొర్లితే అక్కరకొస్తుందని తోడుగా ఇంకొకరి చేత కూడా నామినేషన్ వేయించాలనుకున్నారు. మగవాళ్లెవరూ ముందుకు రాలేదు. లైసెన్సులు పోతాయని భయం. అప్పుడు ఎవరో శంకరవ్వ పేరు చెప్పారు. ఆడమనిషి పేరైతే ఎవరి కంటా పడదన్నారు. ఆమె ఏమీ అడగకుండా సంతకం చేసింది. ఇప్పుడు అదే చేత్తో ఇంకో సంతకం చేయమంటున్నారు.

“వెయ్యమన్ననాడు వేసిన. తియ్యమంటే తియ్య,” అన్నది శంకరవ్వ.

“పిచ్చి లేసిందా నీకు? గ్రామపంచాయితికన్నా నిలబడ్డదానివి కాదు, ఢిల్లీకి పోయి ఏం జేస్తవ్?”

“నా కుంపటి ఆర్పింది పంచాయితి కాదు మామా. ఢిల్లీ ఆర్పింది.”

మాటలింక చాలన్నట్టు ఆమె వరండా గోడకు వీపానించి కూర్చున్నది. సాంబయ్య బతిమాలాడు, బెదిరించాడు, ఆఖరికి ఆమె భర్తను పిలిపించడానికి మనిషిని పంపాడు. భర్త రాకముందే లోపలి గడియారం మూడు కొట్టింది. శంకరవ్వ కొంగు దులుపుకుని లేచింది.

ఆమె పుట్టిల్లు సుల్తానాబాద్. తండ్రి కూడా అవుసలే. వరి కోతలయ్యాక రైతుల ఇండ్లలో పెండ్లిళ్లు కుదిరితే ఆయన కుంపటికి తీరిక ఉండేది కాదు. చిన్నప్పుడే ఆ కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో నిప్పు రాజేయడం, చేసిన నగను చింతపండు నీళ్లలో వేసి మెరుగు తేవడం నేర్చుకున్నది. నిజాం రాజ్యం పోయి యూనియన్ మిలిట్రీ వచ్చిన ఏడాదే ఆమెను ఆదిలాబాద్‌లోని చింతోజు లక్ష్మీరాజానికి ఇచ్చి చేశారు. దారులు ఇంకా నెమ్మదించలేదు. రాత్రి ప్రయాణం వద్దని పెండ్లిబండ్లను పగలే నడిపి గోదావరి దాటించారు.

ఆదిలాబాద్ చేరాక మొదట్లో ఆమెకు ఊరు అర్థం కాలేదు. దుకాణానికి వచ్చే రైతులు సగం మరాఠీలో మాట్లాడతారు. కొండల నుంచి దిగివచ్చే గోండు ఆడవాళ్లది వేరే మాట. ఏడాది తిరిగేసరికి శంకరవ్వ మరాఠీలో బేరం చేస్తున్నది, గోండు ఆడవాళ్లను పేరు పెట్టి పిలుస్తున్నది. లక్ష్మీరాజం తక్కువ మాటల మనిషి. ఆయన చేసిన పుస్తెలగుండ్లు ఒక్కతీరుగా, నీటిబొట్ల లాగా ఉంటాయని నాగపూర్ దారి దాకా పేరుండేది. గుండ్లు ఆయన చేస్తే దారానికి గుచ్చేది ఆమె. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఊళ్లో అప్పుడు లేడీడాక్టరు లేదు. ఆ తర్వాత ఇక పిల్లల మీద ఆశ పెట్టుకోలేదు.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడు గంజు బజారులో పెద్ద సభ పెట్టారు. దేశరక్షణకు బంగారం ఇవ్వమన్నారు. శంకరవ్వ, తండ్రి తనకు చేసి పెట్టిన చెవికమ్మలు తీసి పళ్లెంలో వేసింది. ఆమెను పేరు పెట్టి ఎవరూ అడగలేదు, తనే లేచి వెళ్లి వేసింది. రెండు నెలలు తిరిగాయో లేదో, రేడియోలో కొత్త ఉత్తర్వు చదివారు. పద్నాలుగు క్యారెట్లకు మించిన బంగారంతో ఇక నగ చేయకూడదు.

లక్ష్మీరాజం ఆ కల్తీ బంగారంతోనూ ప్రయత్నించాడు. సుత్తి పడితే గుండు పగిలింది. మళ్లీ కరిగించి ఎట్లాగో చేసి ఒక మరాఠా రైతుకిచ్చాడు. ఆ రైతు తన కూతురి పెండ్లి కోసం వచ్చినవాడు. గుండును వెలుతురులో తిప్పి చూసి, “హే సోనం నాహీ,” అని అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇది బంగారం కాదన్న ఆ మాట లక్ష్మీరాజాన్ని దెబ్బకొట్టినట్టు కొట్టింది. ఆ వారంలోనే దుకాణం మూసేశాడు. పక్కింటి అవుసలి భూమన్న ఆ ఎండాకాలంలో బావిలో పడి చచ్చిపోయాడు. కొందరు నాగపూర్ పోయి రిక్షా తొక్కారు, కొందరు మందమర్రి పోయి బొగ్గుబాయిలో దిగారు. లక్ష్మీరాజం దొరగారి జిన్నింగు మిల్లులో పత్తి మోయడానికి కుదిరాడు. దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది. శంకరవ్వ కూడా అదే మిల్లులో ఆడవాళ్లతో కూర్చుని పత్తిలో చెత్త ఏరేది.

మధ్యలో ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి అవుసలోళ్లను కూర్చోబెట్టి, వేరే పనులు నేర్పిస్తామని, గడియారాలు బాగుచేయడం మంచి పని అని చెప్పాడు. వెనక వరసలోంచి శంకరవ్వ లేచింది.

“ఆదిలాబాద్‌ల గడియారాలు ఎన్నున్నయి సారూ?”

అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. నవ్వి ఇంకో కాగితం తీశాడు.

1966 చివర్లో ఆ పద్నాలుగు క్యారెట్ల నిబంధన ఎత్తేశారు. లైసెన్సులు, తనిఖీలు, ఇంత బంగారమే ఉంచుకోవాలన్న హద్దులు అట్లాగే ఉన్నాయి. ఇంత వచ్చింది చాలని కొందరన్నారు. ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టే ఇంతన్నా ఇచ్చిండ్రని శంకరవ్వ అన్నది.

ఇప్పుడు ఆమె స్వయానా అభ్యర్థి. స్వతంత్రులకిచ్చే గుర్తుల్లో తరాజు అడిగితే చీటీలో అది వేరేవాళ్లకు పోయి ఆమెకు ఒంటె వచ్చింది. ఆ జిల్లాలో ఒంటెను చూసినవాళ్లు తక్కువ. పిల్లలు వెంటబడి నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

మొదటి సభ మిల్లు గేటు ముందు. షిఫ్టు దిగి వస్తున్న ఆడవాళ్లను ఆపి బంగారు చట్టం గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె పక్కన కూర్చుని పత్తి ఏరే ఐలవ్వ కాసేపు విని అడ్డం తగిలింది.

“శంకరక్కా, బంగారం సంగతి నీది. మా మెడల పుస్తెకు బదులు పసుపుకొమ్మే ఉన్నది. గా ఢిల్లీల మాకోసం ఏం మాట్లాడుతవ్?”

శంకరవ్వ సభ అక్కడితో ఆపింది. ఇంటికి పోయి ఆ సాయంత్రమంతా ఆ ప్రశ్న పట్టుకుని కూర్చుంది. మరునాడు గేటు ముందు ఉపన్యాసం ఇవ్వలేదు. వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మీరే చెప్పండన్నది. చెప్పారు. కరువు సంగతి చెప్పారు. రేషన్ దుకాణంలో ఇచ్చే అమెరికా ఎర్రజొన్న రొట్టె విరిగిపోతుందని, పిల్లలకు కడుపు నొస్తుందని చెప్పారు. ఐలవ్వ అన్నది: “మన జొన్న లారీ ఎక్కి యాడికో పోతది. అమెరికా జొన్న ఓడెక్కి మనకాడికొస్తది. గిదేం లెక్కనో నాకు సమజైతలేదు.”

ఆ రోజు నుంచి శంకరవ్వ ఏ ఊరు పోయినా, “ఇది ఐలవ్వ మాట, నాది కాదు,” అని చెప్పి మరీ ఆ మాట చెప్పేది. పండించిన జిల్లాలోనే గింజలు కొని, ఆ జిల్లాలోనే గోదాములు కట్టి దాచాలి, ఆ తర్వాతే మిగతా ఊళ్లకు పంపాలి, అని ఆమె పట్టు. ఐలవ్వ పని మానుకుని ఆమె వెంట తిరగడం మొదలుపెట్టింది.

గంజులో పత్తి వర్తకులు అభ్యర్థులందరినీ పిలిచి సభ పెట్టారు. శంకరవ్వను పిలవలేదు. పిలవకున్నా పోయింది. కుర్చీ లేదన్నారు. నిలబడతానన్నది. దొర మాట్లాడాడు, మిగతావాళ్లు మాట్లాడారు. ఆమె వంతు వచ్చేసరికి మైకు చెడిపోయిందన్నారు. ఒక సేఠ్ నవ్వుతూ అడిగాడు.

“పోయిన ఎండకాలం సర్కారు రూపాయి విలువ తగ్గించింది. దాని మీద నీ రాయ్ ఏంది, ఏమంటవ్ బాయీ?”

జనం నవ్వారు. శంకరవ్వ గొంతు పెంచింది.

“ఆ సంగతి నాకు పూరా తెల్వది సేఠ్. తగ్గించినంక సరుకులు పిరమైనయి, కూలి పెరగలే. గింతే నాకు తెలిసింది. నువ్వు వ్యాపారం చేసేటోనివి. ఎందుకు తగ్గించిండ్రో జర చెప్పు.”

సేఠ్ నవ్వు ఆపాడు. మన సరుకు బయటి దేశాల్లో చవకై ఎక్కువ అమ్ముడుపోతుందని, అప్పులిచ్చే దేశాలు కూడా అదే కోరాయని, అప్పులు రాకపోతే తిండిగింజలు కూడా రావని ఓపికగా చెప్పాడు. ఆమె తల ఊపుతూ విన్నది.

“నువ్వు చెప్పిన మొదటి మాట నేను అనుకోలే. అది నిజమే కావచ్చు,” అన్నది. “కని అప్పిచ్చెటోడు చెప్పిండని చెయ్యుడు నాకు నచ్చలే. కష్టమొస్తదని ముందుగాల మాకు చెప్పాలె. మీరు సైసుకుంటరా అని మమ్ముల అడగాలె. అడిగితే సైసుకుందుము. అడగకుంట చేసింది నేను ఒప్పుకోను.”

“నేను నీ మాట ఒప్పుకోను బాయీ.”

“ఒప్పుకోకు. అడిగినవ్, చెప్పిన.”

వెనక నుంచి ఒక కాలేజీ పిల్లవాడు లేచి, దేశానికి హిందీ ఉండాలా ఇంగ్లీషు ఉండాలా అని అడిగాడు. ఈసారి ఆమె తడుముకోలేదు.

“నా దుకాణం మూయించిన కాయిదం ఇంగ్లీషుల వచ్చింది. అండ్ల ఏమున్నదో తెలుసుకునెతందుకు వకీలు కాడికి పోయినం. రేపు అదే కాయిదం హిందీల వస్తే ఇంకో వకీలు కాడికి పోవాలె. నాకు తెలుగుల చెప్పుండ్రి, మరాఠోనికి మరాఠీల చెప్పుండ్రి, గోండోనికి వాని మాటల చెప్పుండ్రి. ఉర్దూల చదువుకున్నోళ్లు గీ సభలనే సగం మంది ఉన్నరు, వాళ్లకు ఉర్దూల చెప్పుండ్రి. ఒక్క మాటను అందరి నెత్తిన పెడతమంటే నేను అడ్డం నిలబడ్త.”

వెనక వరసల్లో చప్పట్లు పడ్డాయి. ముందు వరస కదల్లేదు.

మూడోనాడు మిల్లు మేనేజరు లక్ష్మీరాజాన్ని పిలిచి, పెండ్లాన్ని ఇంట్లో కూర్చోబెట్టుకోలేనివాడు పనికి రానక్కర్లేదన్నాడు. లక్ష్మీరాజం అప్పటిదాకా ఈ వ్యవహారంలో ఒక్క మాట కల్పించుకోలేదు. ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడు. దుకాణం మూసిన నాటి నుంచీ అంతే. ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి చెప్పులు విడిచి భార్య ఎదుట కూర్చున్నాడు.

“మిల్లుకు రావద్దన్నరు,” అన్నాడు.

శంకరవ్వ చేతిలో పని ఆపింది. “నా మూలాన?”

“నీ మూలాన్నే.”

“మరి ఏమంటవ్ నువ్వు?”

ఆయన కొంచెం దగ్గి, గోడ వైపు చూస్తూ అన్నాడు. “నాలుగేండ్ల సంది వాళ్లు కూసోమంటె కూసున్న, లెవ్వుమంటె లేసిన. పని పోయిందని చెప్పంగనే పానం జర హలకగైంది, బరువు దిగినట్టు. చాటింపు భోంగా ఎవలు పట్టుకుంటుండ్రు నీకు?”

“ఐలవ్వ.”

“ఆమె గొంతు పోయింది గద. ఇటియ్యిమను.”

మరునాటి నుంచి రేకు భోంగా భుజాన వేసుకుని లక్ష్మీరాజం ముందు నడిచాడు. దగ్గుతూ దగ్గుతూనే, చింతోజు శంకరవ్వ మాట్లాడుతుందని ఊరి మొగదల నిలబడి చాటేవాడు. ఆయన గొంతు అంత గట్టిగా లేస్తుందని ఆమెకు పెండ్లయిన ఇన్నేండ్లలో తెలియదు.

పత్తి లారీల మీద, ఎడ్లబండ్ల మీద, కాలినడకన తిరిగారు. ఒక ఊళ్లో పటేలు మనుషులు ఎదురొచ్చి, ఊళ్లో సభ పెట్టొద్దన్నారు. ఊరు పటేలుదైతే రోడ్డు సర్కారుదని శంకరవ్వ కంకర రోడ్డు నడుమ నిలబడి మాట్లాడింది. భూమి మీద హద్దు చట్టం వచ్చి ఏండ్లు గడిచాయని, పటేలు భూమి మాత్రం అట్లాగే ఉండి కాగితం మీద ఎడ్లకూ కుక్కలకూ పంచినట్టు పేర్లు మారాయని, తను గెలిస్తే ఆ పేర్లను ఊరి ముందర చదివిస్తానని అన్నది. రోడ్డుకు అటూ ఇటూ చేన్లలో పని చేసేవాళ్లు పని ఆపకుండానే విన్నారు. పటేలు మనుషులు వెళ్లేదాకా ఎవరూ తల ఎత్తలేదు. గోండుగూడేల్లో ఆమె ఎక్కువ మాట్లాడలేదు. అక్కడి ఆడవాళ్లు ఆమెకు పాతవాళ్లే. ఫారెస్టువాళ్లు పోడు చేన్లను తగలబెట్టిన సంగతి వాళ్లు చెప్పారు. తాతల నాటి చేనుకు పట్టా ఇవ్వాల్సిందేనని ఆమె చెప్పింది.

బొగ్గుగనుల కాలనీలో ఆడవాళ్లు చాలామంది గుమిగూడారు. అప్పుడు కుటుంబనియంత్రణ క్యాంపులు జోరుగా పెడుతున్నారు. దాని మీద ఏమంటావని ఒకామె అడిగింది.

“కనాల్నా వద్దా అనేది ఆడదాన్ని అడగాలె. దాని అత్తను కాదు, డాక్టరును కాదు. ఇంకో మాట, పుట్టిన పిల్ల బతికే దవాఖాన ముందుగాల కట్టాలె. అది కట్టకుంట ఆపరేషన్ల క్యాంపులు పెడితే నేను ఒప్పుకోను.”

గుంపు అంచున నిలబడ్డ ఒక మగవాడు, పిల్లలు లేనిదానికి పిల్లల సంగతేం తెలుసని అన్నాడు. లక్ష్మీరాజం చేతిలో భోంగా దిగిపోయింది. శంకరవ్వ ఆ మనిషి వైపు తిరిగింది.

“ఇద్దర్ని కన్న అన్నా. ఇద్దర్ని మన్నుల పెట్టిన. ఇంక ఏం తెల్వాలె చెప్పు.”

ఆడవాళ్లు ఆ మనిషిని చూశారు. అతను తల దించుకుని పోయాడు.  శంకరవ్వ నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది.

నిర్మల్ దారిలోని ఒక ఊళ్లో ఎదురైన ప్రశ్న వేరు. అడిగినవాడు రాయమల్లు అనే రైతు.

“అవ్వా, పాకిస్తాన్ లడాయిల మనోళ్లు గెలిచిన జాగను తాష్కెంటుల ఒప్పందం జేసి వాపసిచ్చిండ్రు. నువ్వైతే ఇస్తుంటివా?”

ఐలవ్వ వెనక నుంచి కొంగు లాగింది. దొర ప్రతి సభలో ఆ ఒప్పందాన్ని దాటవేస్తున్నాడని, దేశభక్తి గురించి మాట్లాడి జెండా పట్టుకుని దిగిపోతున్నాడని అందరికీ తెలుసు.

“ఇస్తుంటి,” అన్నది శంకరవ్వ. “లడాయి ఆగాలెనంటె ఇయ్యక తప్పదు.”

రాయమల్లు తన ఇంటి అరుగు వైపు చేయి చూపించాడు. అక్కడ ఒక పడుచు పిల్లవాడు కూర్చున్నాడు. పక్కన గోడకు కర్ర ఆనించి ఉంది. ఒక కాలు మోకాలి కిందికి లేదు.

“మావోడు. పేరు మల్లేశం. ఆ జాగలనే పోయింది కాలు.”

శంకరవ్వ సభ విడిచి అరుగు దగ్గరికి నడిచింది. పిల్లవాడు ఆమెను చూసి కర్ర సర్దుకున్నాడు.

“జాగ వాపసిచ్చిన సంగతి మిలిట్రీ దవాఖానల రేడియోల ఇన్న అవ్వా. దుప్పటి కప్పుకుని ఏడ్చిన,” అన్నాడు.

“నేను జెప్పిన మాట మార్చుకోను బిడ్డా. ఇంకొకనికి గిట్ల కావద్దనే చెప్పిన. నీ కాలు ఉత్తగ పోయిందని నేను అనలే.”

“నువ్వు అనకున్నా నాకు గట్లనే ఇనవడ్డది.”

 ఆమె అరుగు మీద అతని పక్కన కూర్చున్నది.  కాసేపటికి రాయమల్లు భార్య చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. శంకరవ్వ తాగి, పిల్లవాడి భుజం మీద చేయి వేసి లేచింది. దారిలో ఐలవ్వ అన్నది: “గా మాట చెప్పకపోతే ఏమైతుండె అక్కా? మనకు గా ఊరు మొత్తం పోయింది.”

“పోనీ. వాని ముంగట అబద్ధం చెప్పి ఓటు అడుగుదునా?”

ఆ మాట జిల్లా అంతా పాకింది, పెరిగింది కూడా. అవుసలోళ్ల శంకరవ్వ పాకిస్తాన్ పక్షమని దొర మనుషులు చెప్పుకొచ్చారు. కులం కూడింది. సాంబయ్య అచ్చు వేయించిన కాగితం ఊరి గోడల మీద అంటించారు. ఈమెకూ అవుసలి కులానికీ ఏ సంబంధమూ లేదని అందులో ఉంది. ఒకటి తెచ్చి ఆమె ఇంటి తలుపుకే అంటించారు.

లక్ష్మీరాజం దాన్ని చింపబోయాడు. శంకరవ్వ ఆపింది.

“ఉండనీ. వచ్చెటోళ్లు చదువుకొని లోపలికి రానీ.”

ఆ సాయంత్రం సాంబయ్య స్వయంగా వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

“బంగారం సంగతి మాట్లాడుమని నిలబెడితే రూపాయి అంటివి, హిందీ అంటివి, లడాయి అంటివి. మనకెందుకే అవన్ని? మన పొట్ట సంగతి మనం జూసుకోవాలె.”

“మన పొట్ట సంగతొక్కటే చూస్తే ఐలవ్వ నా వెంట ఎందుకొస్తది మామా? భూమన్న బాయిల పడ్డనాడు దొర వచ్చిండా మనింటికి? ఐలవ్వ వచ్చింది. నాతోని కలిసి శవాన్ని కడిగింది. ఆమె జొన్న సంగతి నేను మాట్లాడకపోతే, నా బంగారం సంగతి ఆమె ఎందుకు మాట్లాడాలె?”

“కులం నిన్ను వెలేస్తది.”

“వెయ్యుండ్రి. దగ్గర పెట్టుకున్నన్ని దినాలు మాతోని ఎన్ని పుస్తెలు చేయించిండ్రని.”

సాంబయ్య వెళ్లిపోయాడు. పోలింగు రోజు అవుసలోళ్ల గల్లీ సగానికి పైగా దొరకే వేసిందని తర్వాత తెలిసింది. శంకరవ్వ ఓడిపోయింది, డిపాజిట్టు కూడా దక్కలేదు. దొర గెలిచి ఊరేగింపుగా ఆమె ఇంటి ముందు నుంచే వెళ్లాడు. లెక్కింపు కాగితాలు చూసినవాళ్లు చెప్పారు, ఒంటెకు కొన్ని వేల ఓట్లు పడ్డాయని, గోండుగూడేల్లో, గనుల కాలనీల్లో, మిల్లు ఆడవాళ్లున్న గల్లీల్లో ఎక్కువగా పడ్డాయని. రాయమల్లు ఊళ్లోనూ కొన్ని పడ్డాయట. ఎవరు వేశారో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఓడిన రోజు శంకరవ్వ ఏడ్చింది. దాచుకోలేదు. వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్ల ముందే ఏడ్చింది. మరునాడు లేచి మిల్లుకు పోయింది. గేటు దగ్గర ఆపేశారు. ఐలవ్వకు కూడా పని లేదన్నారు. ఇద్దరూ అక్కడి నుంచే లేబరు ఆఫీసుకు నడిచారు. నెల తిరిగేలోగా ఐలవ్వను మళ్లీ తీసుకోక తప్పలేదు. శంకరవ్వను తీసుకోలేదు.

వెండి మీద ఆ చట్టం లేదు. లక్ష్మీరాజం మళ్లీ కుంపటి వెలిగించి గోండు ఆడవాళ్లకు కడియాలు, కాళ్లకడెలు చేయడం మొదలుపెట్టాడు. వేళ్లు మొద్దుబారాయని విసుక్కునేవాడు. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా చేయి తిరిగింది. ఊళ్లో పిల్లలు శంకరవ్వను “ఎంపీ అవ్వ” అని ఎక్కిరించేవాళ్లు. కొన్నాళ్లకు పెద్దవాళ్లు కూడా అదే పేరుతో పిలవసాగారు. రేషన్ దుకాణంలో తగాదా అయినా, ఫారెస్టువాళ్లు ఎవరి ఎడ్లను పట్టుకున్నా ఆమె ఇంటికి వచ్చేవాళ్లు. ఆమె వాళ్ల వెంట ఆఫీసులకు పోయేది. కొన్నిసార్లు పని అయ్యేది, కొన్నిసార్లు కాకపోయేది.

1968లో బంగారు నియంత్రణ మీద కొత్త చట్టం వచ్చింది. ఉత్తర్వు స్థానంలో ఏకంగా చట్టమే కూర్చుంది. తనిఖీలు, శిక్షలు ఇంకా గట్టివయ్యాయి. మాటిచ్చిన దొర పార్లమెంటులో దాని మీద నోరు విప్పలేదని పత్రిక చదివేవాళ్లు చెప్పారు. అవుసలోళ్లు మళ్లీ కూడారు. సాంబయ్య ముందు నడవగా పదిమంది ఆమె ఇంటికి వచ్చారు. ఈసారి ఆయన వాకిట్లో నిలబడలేదు, లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

“హైదరాబాద్‌ల పెద్ద అధికారిని కలువాలె కోడలా. మాట్లాడెతందుకు నువ్వు రావాలె. తప్పైంది మాది.”

“వస్త మామా. కని బంగారం సంగతి ఒక్కటే అయితే రాను. ఐలవ్వ వస్తది. గూడెం నుంచి ఇద్దరొస్తరు. వాళ్ల సంగతి కూడ మన నోటితోనే చెప్పాలె.”

చాప మీద గుసగుసలు లేచాయి. అవుసలోళ్ల పనికి పత్తి ఏరేటోళ్లు, గోండోళ్లు ఎందుకని ఇద్దరు లేచి వెళ్లిపోయారు. వాళ్ల వెనక మరో ఇద్దరు. సాంబయ్య లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, “నడువు,” అన్నాడు.

హైదరాబాద్‌లో ఆ అధికారి గది ముందు సగం రోజు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ఆయన ఒక్కొక్కరినీ చూసి, కడియాలు వేసుకున్న గోండు ఆడవాళ్లను చూసి, ముఖం చిట్లించాడు.

“మీరు స్వర్ణకారుల సంఘమని రాశారు. వీళ్లంతా ఎవరు? మీరు ఎవరి తరఫున వచ్చారు?”

“నాకు ఓటేసినోళ్ల తరఫున,” అన్నది శంకరవ్వ.

“మీరు ఎన్నికల్లో ఓడిపోయారని ఈ ఫైల్లోనే రాసి ఉంది కదమ్మా.”

“ఓడిపోయిన సారూ. వాళ్లు ఊళ్లెనే ఉన్నరు.”

కూర్చోమని ఆయన అనలేదు. గదిలో రెండు కుర్చీలున్నాయి. ఆమె ఒకటి సాంబయ్య వైపు జరిపి, ఇంకొక దాంట్లో తను కూర్చుని, ముందుగా ఎర్రజొన్న సంగతి ఎత్తుకున్నది.